టికెట్ వెనక రాసిన చిల్లర

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మెడికల్ కాలేజీల్లో పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల పెద్దలకు, థీసిస్ గైడ్‌లుగా ఉన్న సార్లకు, మేడమ్‌లకు, పీజీ డాక్టర్లకు,

నమస్కారం. నేను డాక్టర్‌ను కాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. హనుమకొండ నుంచి ఏటూరునాగారం, పరకాల మీదుగా భూపాలపల్లి, రెండేళ్లకోసారి మేడారం స్పెషల్ డ్యూటీ, నేను చదువుకున్న చదువు అదే. ఆ ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంటుంది. చేతిలో చిల్లర లేకపోతే ఇవ్వాల్సిన డబ్బులు టికెట్ వెనక పెన్నుతో రాసి ఇస్తాం. దిగేటప్పుడు గుర్తున్నవాళ్లు అడిగి తీసుకుంటారు. పిల్లల్ని, మూటల్ని చూసుకునే తొందరలో కొందరు మరిచిపోయి దిగిపోతారు. అడగలేదు కదా అని ఊరుకున్న రోజులు నాకూ ఉన్నాయి, దాచుకోను. కానీ రాసింది నా చేయి, కాబట్టి బాకీ నాదే. ఇప్పుడు మీకు రాస్తున్నది అట్లాంటి ఒక బాకీ గురించి, మా మీద చేసిన అధ్యయనంలో ఏం తేలిందో మాకు తిరిగి చెప్పాల్సిన బాకీ. ఈసారి టికెట్ మా చేతిలో ఉంది.

మా ఆవిడకు నాలుగేళ్లుగా డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. రెండేళ్ల కింద ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరు ఎందుకులెండి, ఒక పీజీ డాక్టర్ బాబు ఆమె మంచం దగ్గరికి వచ్చాడు. మంచి పిల్లాడు. "పెద్దమ్మా, కిడ్నీ పేషెంట్ల గుండె మీద థీసిస్ చేస్తున్నా. రెండుసార్లు ఎకో తీస్తా. పైసలు ఏం అక్కర్లేదు" అన్నాడు. ఎకో అంటే శబ్దంతో గుండె బొమ్మను తెర మీద చూసే పరీక్ష. డయాలసిస్ ఎక్కించకముందు ఒకసారి, నీళ్లు తీసేసిన తర్వాత ఒకసారి. రెండుసార్లు ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఒంట్లో నీళ్లు చేరినప్పుడు గుండె గదులు ఉబ్బి కనిపిస్తాయట, నీళ్లు తీశాక చిన్నబడతాయట, ఎప్పుడు తీశారో రాయకపోతే ఆ రిపోర్టుకు సగం అర్థం పోతుందట. మా ఆవిడ ఊరుకోదు కదా. "అంటే గుండె గూడ బస్సు లెక్కనేనా బిడ్డా, నిండుగుంటె ఒక తీరు, ఖాళీగుంటె ఒక తీరు?" అన్నది. ఆ బాబు నవ్వి "అదే పెద్దమ్మా" అన్నాడు.

నాలుగు పేజీల ఫారం మీద ఆమె సంతకం పెట్టింది. తెలుగులోనే ఉంది కానీ అది ఎవరు మాట్లాడే తెలుగో నాకు తెలియదు. "ఈ అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు సమ్మతించుచున్నాను" అని ఉంది. మా పెళ్లి శుభలేఖ తర్వాత అంత గ్రాంథికం నేను మళ్లీ చూడలేదు. జెల్లీ చల్లగా ఉందని ఆమె అన్నది. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టారు. తెర మీద గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. నలభై మూడేళ్ల కాపురంలో ఆమె గుండెను చూడటం నాకు అదే మొదటిసారి. ఫారం జిరాక్స్ చేతికిచ్చి, పైన పెన్నుతో 37 అని రాశాడు. అధ్యయనంలో ఆమె నంబర్ అది. "అన్నీ అయిపోయాక ఏం తేలిందో చెప్తా పెద్దమ్మా" అన్నాడు.

చెప్పలేదు. ఆ బాబును తప్పుపట్టను. పరీక్ష పాసయ్యాడు, ఇంకో ఊరికి పోయాడు. థీసిస్ మాత్రం నల్ల రెగ్జిన్ అట్టతో, బంగారు అక్షరాలతో లైబ్రరీకి చేరిందని విని వెళ్లాను. అక్కడి అటెండర్ నన్ను కింది నుంచి పైదాకా చూసి "అవి సార్లు చదువుకునేవి" అన్నాడు. మా ఆవిడ గుండె ఉన్న పుస్తకం అది. ఆమె మొగుడికి లోపలికి ప్రవేశం లేదు.

ఇంతవరకే అయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. పోయిన చలికాలం ఆమెకు పడుకుంటే ఆయాసం మొదలైంది. వేరే ఆసుపత్రిలో కొత్త డాక్టర్ ఎకో తీసి "పాతది ఉంటే తెండి, పోల్చి చూడాలి" అన్నారు. మా దగ్గర ఉన్నది ఒక చీటీ, దాని మీద ఒక్క లైను: ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే ఎంత రక్తం బయటికి పోతుందో చెప్పే అంకె) 58 శాతం, ఎల్‌వీ (గుండె ఎడమ కింది గది) గోడ కొంచెం మందం. దానికి పిన్ను కొట్టిన బొమ్మ పూర్తిగా తెల్లబడిపోయింది. ఆ కాగితం గురించి నాకు బాగా తెలుసు. మా టికెట్ మిషన్‌లో వేసేదీ అదే రకం, వేడికి అచ్చు పడేది. జేబులో చెమట తగిలితే సాయంత్రానికి టికెట్ తెల్లకాగితం అయిపోయేది, చెకింగ్ వాళ్లు ఎక్కితే ప్రయాణికుడికి నాకు గొడవ. కదిలే బొమ్మలు థీసిస్ చేసినవాళ్ల కంప్యూటర్‌లో ఉండాలి. ఉన్నాయో లేదో చెప్పేవాళ్లు దొరకలేదు. రెండేళ్ల కింద గుండె ఎట్లా కొట్టుకుందో చూపించగలిగిన ఒకే సాక్ష్యం అది.

ఆ 58 శాతం గురించి ఒక మాట. మా వీధిలో ఒకామె "నా గుండె అరవై శాతమే పని చేస్తుందట" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. అరవై అంటే మంచి అంకె అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనైతే బస్సు భాషలో చెబుతా. గుండె ఎడమ గదిలో నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఎక్కిందనుకోండి. ఒక్కసారి కొట్టుకుంటే అందులో 70 దిగిపోతుంది, 50 లోపలే ఉంటుంది. డెబ్బైని నూట ఇరవైతో భాగిస్తే 58 శాతం. వందకు వంద ఎవరి గుండెలోనూ దిగదు. 55 నుంచి 70 శాతం దాకా దిగితే బండి బాగున్నట్టే, నలభై శాతానికి తగ్గితే ఇబ్బంది. ఇంత చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. ఆ నిమిషం లేక ఆమె రెండు రోజులు పస్తులుంది.

మా చిన్నోడు బీఫార్మసీ చదివాడు. ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రాత్రిళ్లు మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో వెతికి నాకు చదివి వినిపించేవాడు. అప్పుడు తెలిసింది, ఆ పీజీ బాబు పెట్టుకున్నది చిన్న ప్రశ్నేమీ కాదని. ఇంగ్లండ్‌లోని డెర్బీలో డాక్టర్లు డయాలసిస్ జరుగుతుండగానే ఎకో తీసి చూశారట. 70 మందిని చూస్తే దాదాపు మూడింట రెండు వంతుల మందిలో, నీళ్లు లాగుతున్న సమయంలో గుండె గోడలో కొన్ని భాగాలు కాసేపు మొద్దుబారినట్టు కదలడం తగ్గించాయి. మిషన్‌లో వాడే ద్రవాన్ని కొంచెం చల్లగా ఉంచితే ఇది తగ్గుతుందేమోనని చూశారు. డెబ్బై చిల్లర మందితో ఏడాది నడిపిన ఇంకో పరీక్షలో ఎమ్మారై బొమ్మలు బాగానే కనిపించాయి. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 84 డయాలసిస్ సెంటర్లలో పదిహేను వేలకు పైగా మందితో పెద్ద పరీక్ష పెట్టారు. 2022లో ఫలితం వచ్చింది. చల్లటి ద్రవం వల్ల గుండె జబ్బుతో ఆసుపత్రి పాలవడంగానీ, చనిపోవడంగానీ తగ్గలేదు. పైగా చలి వేస్తోందని పేషెంట్లు ఇబ్బంది పడ్డారు.

చదివి వాడు డీలా పడ్డాడు. నాకు మాత్రం అదే నచ్చింది. "కాలేదు" అని కూడా అంత స్పష్టంగా చెప్పారు చూడండి. మా ఆవిడ ప్రతిసారీ మిషన్ మీద వణుకుతూ దుప్పటి అడుగుతుంది. ఇదివరకు నేను "చల్లగుంటే గుండెకు మంచిదట, ఓర్చుకో" అనేవాణ్ని, ఎవరో అంటే విని. ఇప్పుడు రెండో దుప్పటి కూడా తీసుకుపోతున్నాను. ఒక అధ్యయనం ఫలితం ఇంటికి వస్తే జరిగేది ఇదే. ఒంటారియో నుంచి హనుమకొండకు వచ్చింది. మా ఊరి థీసిస్ మాత్రం మా మంచం దాకా రాలేదు.

బొమ్మలో కనిపించింది వేరు, మనిషికి మేలు కావడం వేరు అని ఆదిలాబాద్ వైపు డాక్టర్లకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడి గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉంది. 2004లో అమెరికా డాక్టర్లు సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లకు ఎకో తీసి, గుండె కుడివైపు వాల్వు దగ్గర రక్తం వెనక్కి చిమ్మే వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటితే ప్రాణాపాయం ఎక్కువని చెప్పారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరగడానికి అది గుర్తు అన్నారు. సరే, ప్రెషర్ తగ్గించే సిల్డెనాఫిల్ ఇచ్చి చూద్దామని ఒక ట్రయల్ పెట్టారు. మందు వేసుకున్నవాళ్లే ఒళ్లు నొప్పులతో ఆసుపత్రిలో ఎక్కువగా చేరుతుంటే 2009లో మధ్యలోనే ఆపేశారు. 2011లో ఫ్రాన్స్ డాక్టర్లు దాదాపు నాలుగు వందల మందిని చూసి, ఎకోలో అనుమానం వచ్చినవాళ్లకు గుండెలోకి గొట్టం పంపి కొలిచారు. అసలు జబ్బు తేలింది ఆ అనుమానితుల్లో నలుగురిలో ఒకరికే. అంటే ఎకో చూసి నేరుగా మందు రాస్తే ముగ్గురికి లేని జబ్బుకు మందు పడేది. రేపు మన దగ్గర ఎవరైనా పీజీ ఉట్నూరు పిల్లలకు ఎకో తీసి ఒక పట్టిక వేస్తే, ఆ కథంతా ఆ పిల్లల తల్లికి చెప్పకుండా "ప్రెషర్ ఉంది" అని ఒక్క ముక్క రాసి పంపొద్దు. అడవిలో ఆ ముక్కే మిగులుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల నొప్పులు వచ్చి గుండె వాల్వులు చెడిపోయినవాళ్లు, రుమాటిక్ గుండె జబ్బు అంటారు దాన్ని, మా రూట్ నిండా ఉండేవాళ్లు. ములుగు దాటాక ఎక్కే ఆడవాళ్లలో ఇరవై ఐదేళ్లకే మెట్టు ఎక్కి ఆయాసపడేవాళ్లను ఎందరినో చూశాను, అప్పట్లో రక్తం తక్కువ అనుకునేవాణ్ని. 2007లో కాంబోడియా, మొజాంబిక్ బడుల్లో స్టెతస్కోప్‌తో విన్నదానికీ ఎకోతో చూసినదానికీ పోలిస్తే, ఎకోలో దాదాపు పది రెట్లు ఎక్కువ మంది పిల్లలు బయటపడ్డారు. బయటపడితే ఏం చేయాలి? ఉగాండాలో అదే చూశారు. లక్షకు పైగా పిల్లలకు ఎకో తీసి, పైకి ఏ బాధా లేకుండా వాల్వులో మార్పు మొదలైన 818 మందిని రెండేళ్లు గమనించారు. సగం మందికి నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ ఇచ్చారు. ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో జబ్బు ముదిరింది వందకు ఒకరు కూడా కాదు. తీసుకోనివాళ్లలో వందకు ఎనిమిది మంది. మందు పాతది, చవకది, మన పీహెచ్‌సీలో సూది వేసే సిస్టర్‌కు తెలిసినదే. ఇట్లాంటి ప్రశ్న మన గడ్డ మీద వేయండి సార్. ఉగాండాకు కుదిరింది ములుగుకు కుదరదా?

పెద్దవాళ్ల సంగతి కూడా ఉంది. వాల్వు చెడి గుండె లయ తప్పినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి పాత మాత్ర ఇస్తారు, దానికి నెలనెలా పీటీ ఐఎన్ఆర్ అని, రక్తం ఎంత సేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష. రివరాక్సాబాన్ అనే కొత్త మాత్రకు పరీక్ష అక్కర్లేదు కాబట్టి అదే మేలని అందరూ అనుకున్నారు. మన దేశం కూడా ఉన్న 24 దేశాల్లో నాలుగున్నర వేల మందితో చూస్తే, 2022లో తేలింది తలకిందులుగా ఉంది. పాత మాత్ర వేసుకున్నవాళ్లలోనే చావులు తక్కువ. ఇది తెలిసిన మా పాత డ్రైవర్ ఒకాయన, మందుల షాపువాడు "కొత్తది వేసుకోండి, టెన్షన్ ఉండదు" అంటే వద్దని పాతదే పట్టుకుని వస్తున్నాడు. ఆయనకు చెప్పింది మా చిన్నోడే.

  ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు తలసేమియా గురించి కూడా ఒక్క మాట. నెలనెలా రక్తం ఎక్కించే పిల్లల గుండెలో ఇనుము పేరుకుంటుంది. ఎకోలో బాగానే ఉందని కనిపిస్తుండగానే లోపల పేరుకుపోతుంది. దాన్ని ఎమ్మారైలో టీ2 స్టార్ అనే లెక్కతో పట్టుకోవచ్చని 2001లో లండన్ డాక్టర్లు చూపించారు. ఇరవై మిల్లీసెకన్లకు తగ్గితే ఇనుము చేరినట్టు, పదికి తగ్గితే ప్రమాదం. ఆ పరీక్ష, ఇనుము దించే మందులు కలిశాక అక్కడ ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు బాగా తగ్గారు. ఖమ్మం, కరీంనగర్‌లలో ఈ పిల్లల తల్లులు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్త పరీక్ష, ఫెరిటిన్ అంకె నోటికి చెబుతారు. టీ2 స్టార్ అని ఎంతమంది విన్నారో మీరే అడిగి చూడండి.

మీలో కొందరు అనుకోవచ్చు, ఇవన్నీ పెద్ద దేశాల పెద్ద పరీక్షలు, మా పీజీ పిల్లలు యాభై మందితో చేసేది డిగ్రీ కోసం, దాని ఫలితం చెప్పి ఏం లాభం అని. నిజమే, యాభై మందే. మేడారం జాతరలో నా ఒక్క బస్సు ఎక్కినవాళ్లను చూసి జాతరంతా ఇట్లాగే ఉందని నేనూ చెప్పలేను. నా బస్సు పరకాల నుంచి వచ్చింది కాబట్టి అందరూ పరకాలవాళ్లే. పెద్దాసుపత్రికి వచ్చేదీ అప్పటికే ముదిరినవాళ్లే. అయినా ఆ బస్సులో నేను ఎన్ని టికెట్లు కొట్టానో రాత్రి డిపోలో లెక్క అప్పజెప్పే ఇంటికి పోయేవాణ్ని. బస్సు చిన్నదని లెక్క మాఫీ చేసిన డిపో మేనేజర్ నాకు తగల్లేదు. మీ అధ్యయనం చిన్నదైతే చిన్నదని చెప్పండి. "37 నంబర్ పెద్దమ్మా, యాభై మందిని చూశాం, గట్టిగా ఏదీ తేలలేదు" అన్నా మాకు సంతోషమే.

మా వైపు జనానికి ఈ విషయంలో అనుమానం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన బడుల్లో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు గుర్తుందా? 2010లో ఆపేశారు. తర్వాత జరిగిన చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు, ఆ మాట నేను కాదనను. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా పోయింది. 2017లో జమ్మికుంట వైపు కుర్రాళ్లు డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్లిన వార్తలు పత్రికల నిండా వచ్చాయి. అందుకే ఇప్పటికీ "స్టడీ" అంటే మా ఊళ్లో "ప్రయోగం చేస్తరట" అంటారు. ఎకోలో సూది లేదు, రేడియేషన్ లేదు, శబ్దమే. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే ఫిజిక్స్ ఆయన కలిసి, ఓడల కార్ఖానాలో ఇనుములో పగుళ్లు వెతికే యంత్రం తెచ్చుకుని గుండె మీద పెట్టి మొదలుపెట్టిన విద్య ఇది. అంత నిరపాయమైన దానికి కూడా మనిషి జంకుతున్నాడంటే, కారణం మిషన్ కాదు. పోయినసారి ఏమైందో ఎవరూ వచ్చి చెప్పలేదు.

నేను అడిగేది కొత్త చట్టమేమీ కాదు. మనుషుల మీద పరిశోధనకు నియమాలు చెబుతూ ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకిలో మొదలుపెట్టిన ప్రకటనలో, పాల్గొన్నవాళ్లకు ఫలితం తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ఇప్పుడు రాసే ఉంది. ట్రయల్స్ నమోదుకు మన దేశంలో 2007 నుంచి రిజిస్ట్రీ ఉంది, పీజీ థీసిస్‌లకూ అందులో చోటుంది. మీ ఎథిక్స్ కమిటీలో డాక్టర్ కాని సామాన్యుడి కుర్చీ ఒకటి ఉండాలని నిబంధన. ఆ కుర్చీలో కూర్చున్నాయన చేత సమ్మతి ఫారం పైకి చదివించండి. మధ్యలో ఆయన నీళ్లు నమిలితే ఆ ఫారం వెనక్కి పంపండి. థీసిస్ మీద గైడ్ సంతకం పెట్టే ముందు ఇంకో కాగితం అడగండి, ఒకే పేజీ, మేం మాట్లాడుకునే తెలుగులో: ఎంతమందిని చూశాం, ఏం కనిపించింది, ఏం తెలియలేదు, దీన్ని బట్టి మీరు చేయాల్సింది ఏమైనా ఉందా. డయాలసిస్ వార్డు గోడకు అతికిస్తే చాలు, నాలుగు గంటలు మేం చూసేది ఆ గోడనే. పక్కన ఉండేది ఫ్యాన్ కంపెనీ క్యాలెండర్. ఇక కదిలే బొమ్మలు పేషెంట్‌కు పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో ఎక్కించి ఇవ్వండి. ఆ వేడి కాగితం మీద మాత్రం ఇవ్వకండి.

మా ఆవిడకు ఇది రాస్తున్నానని చెబితే "ఆ పిలగాడి మీద రాయకు, పాపం, జెల్లీ తుడిచి పమిట సర్దిపోయిండు" అన్నది. రాయలేదు. ఆమె ఇప్పుడు కొంచెం తేరుకుంది, డ్రై వెయిట్, అంటే నీళ్లు తీశాక ఉండాల్సిన బరువు, తగ్గించాక ఆయాసం తగ్గింది. అదే మంగళ, గురు, శనివారాలు, కిటికీ పక్క మంచం. ఫారం జిరాక్స్ నా పాత క్యాష్ బ్యాగులో ఉంది. 37 నంబర్ ఎవరిదని మీ పుస్తకంలో చూసుకుని ఎప్పుడు వచ్చినా సరే, పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా అక్కడే ఉంటాం.

ఇట్లు,
రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
హనుమకొండ